మధురవాణి ఎక్కడ నిలబడాలి?

గురజాడ కన్యాశుల్కం నాటకం మొదటి అంకంలో మధురవాణి ఇంటి రంగం చదివేవాళ్ళని నవ్విస్తుంది, ఆడబోయేవాళ్ళకి చెమటలు పట్టిస్తుంది. రామప్పంతులు మధురవాణి ఇంట్లో ఉండగా గిరీశం వస్తాడు. పంతులు మంచం కింద దూరతాడు. అంతలో గిరీశాన్ని వెతుక్కుంటూ పూటకూళ్లమ్మ వస్తుంది. గిరీశం కూడా ఆ మంచం కిందికే దూరతాడు. అతనికి తగలాల్సిన చీపురు దెబ్బ పంతులికి తగులుతుంది. నలుగురు మనుషులు, ఒక మంచం, ఒక చీపురు. ఒక్కరు ఒక్క అడుగు తప్పు వేసినా నవ్వు పండదు.

వేటపాలెంలో ఈ రంగాన్ని రిహార్సల్ చేస్తున్న ఒక కాలేజీ బృందాన్ని ఊహించుకోండి. దర్శకుడు పరిషత్తు నాటకాల్లో తలపండిన మాస్టారు. మధురవాణి వేషం వేస్తున్నది డిగ్రీ చదివే అమ్మాయి. ఇద్దరూ నా కల్పనే. వాళ్ళ తగువు మాత్రం తెలుగునాట ప్రతి రిహార్సల్ గదిలోనూ ఉన్నదే. వేదిక మీద నటుడు ఎప్పుడు కదలాలో, ఎటు కదలాలో, ఎక్కడ ఆగాలో ముందే ఖాయం చేసుకోవడాన్ని బ్లాకింగ్ అంటారు. అది దర్శకుడు ఇవ్వాల్సిందా, నటుడు వెతుక్కోవాల్సిందా?

అమ్మాయి: మాస్టారూ, ఒకసారి నా స్క్రిప్టు చూడండి. డైలాగుల కన్నా బాణం గుర్తులే ఎక్కువున్నాయి. ఈ మాట దగ్గర కుడికి రెండడుగులు, ఆ మాట దగ్గర వెనక్కి తిరిగి మూడడుగులు. మధురవాణి ఎలాంటి మనిషో నాకింకా పూర్తిగా తెలియలేదు. ఆమె కాళ్ళు ఎక్కడుండాలో మాత్రం మీరు ముందే రాసేశారు. నడుస్తున్నంతసేపూ లోపల అడుగులు లెక్కపెట్టుకుంటున్నాను. గిరీశం ఏమంటున్నాడో నా చెవికెక్కట్లేదు.

మాస్టారు: అది బాణాల తప్పు కాదమ్మా. అడుగు ఇంకా ఒంటికి పట్టలేదు, అంతే. మన ఊళ్ళో గుంట మగ్గాలు చూస్తూ పెరిగినదానివి. కొత్తగా కూర్చున్నవాడు కాళ్ళకేసి చూసుకుంటాడు. చెయ్యి తిరిగినవాడి కాళ్ళు వాటంతటవే తొక్కుతుంటాయి, చూపు అంచు మీద ఉంటుంది. నీ కాళ్ళకి దారి తెలిసిపోతే నీ చెవులు గిరీశానికి దొరుకుతాయి. అందుకే మొదటి వారంలోనే అడుగులు ఇచ్చేస్తాను.

అమ్మాయి: మగ్గం మీద కూర్చున్నాయనకి ఏ చీర నేస్తున్నాడో ముందే తెలుసు కదండీ. నాకు ఆ చీరే తెలియదంటున్నాను.

మాస్టారు: సరే, మనిషి సంగతి తరవాత చూద్దాం. ముందు మంచం సంగతి చెప్పు. ఎక్కడ వేద్దాం?

అమ్మాయి: వెనక, మధ్యలో. ఇల్లులా కనపడుతుంది, ముందంతా నడవడానికి ఖాళీ ఉంటుంది.

మాస్టారు: అక్కడేస్తే ముందు వరసలవాళ్ళు నాటకం సగం చూడలేరు. మనం ఆడబోయే వేదిక నాలుగడుగుల ఎత్తు. జనం ముందు టార్పాలిన్ల మీద, వెనక కుర్చీల్లో కూర్చుంటారు. కింద కూర్చున్న మనిషి కన్ను నేలకి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే వేదిక అంచే అతని చూపుకి అడ్డం. అంచుకి పదడుగుల దూరంలో కూర్చున్నవాడిని తీసుకో. మంచం అంచు నుంచి పన్నెండడుగులు వెనక ఉంటే, వేదిక నేల మీద దాదాపు రెండడుగుల ఎత్తు దాకా అతనికి ఏమీ కనపడదు. మన మంచం ఎత్తే అంత. కింద ఇద్దరు మొగాళ్ళు ముఖాముఖి పడి గింజుకుంటుంటే ఆ పెద్దమనిషికి పరుపు కనపడుతుంది! అదే మంచాన్ని అంచుకి నాలుగడుగుల్లో వేస్తే అతనికి అడ్డం పడేది అరడుగు పైచిలుకే. ఇద్దరి మొహాలూ దొరుకుతాయి. ఇది నువ్వు పాత్రలో ఎంత లీనమైనా తెలిసేది కాదు. కింద కూర్చుని చూసినవాడికే తెలుస్తుంది.

అమ్మాయి: ఒప్పుకుంటున్నాను. మంచం కొలత మీది. మనిషి మంచం కాదు కదా! పంతులు దూరాక, గిరీశం దూరాక, పూటకూళ్లమ్మ చీపురెత్తాక కూడా నన్ను కుడి వింగు పక్కన నిలబెట్టారు. ఎందుకు?

మాస్టారు: మూడు కారణాలు. చీపురు తిరగడానికి చోటు కావాలి, ఆ దారిలో నువ్వుంటే నీకు దెబ్బ తగులుతుంది. మంచానికీ జనానికీ మధ్య నువ్వొస్తే కింద ఉన్నవాళ్ళు మాస్క్ అయిపోతారు, అంటే నీ చాటున పడి కనపడరు. మూడోది, కుడివైపు వేలాడే మైకు నీ నవ్వుని పట్టుకుంటుంది.

అమ్మాయి: మూడూ మధురవాణి బయట ఉన్న కారణాలే మాస్టారూ. మైకు కోసం నిలబడటం మనకి పట్టిన పాత జబ్బు. పద్యనాటకంలో కాటి సీను చూడండి. చంద్రమతి ఒళ్ళో బిడ్డ శవం. హరిశ్చంద్రుడు ఆమె వైపు తిరగడు, మైకు ముందుకొచ్చి హార్మోనియం వైపు ఓ చూపు చూసి పద్యం ఎత్తుకుంటాడు. జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడతాడు. అంతసేపూ ఆ తల్లి దుఃఖం ఆగి ఉండాలి.

మాస్టారు: ఆ మాట తొందరపడి అనకు. సత్యహరిశ్చంద్రీయం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు మన బాపట్ల పక్కన ఇటికంపాడులో పుట్టినాయన. ఆ కాటి సీనులోకి వినుకొండ జాషువా గారి శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాయి. వాటిని జనమే అడిగి నిలబెట్టుకున్నారు. పొలం పని చేసి వచ్చి తెల్లవార్లూ కూర్చున్న రైతుకి ఆ నాటకంలో కావలసింది పద్యం. పద్యం పాడే మనిషి కదలకూడదు. గుండెల నిండా గాలి పట్టాలి, మాట మాటా ఆఖరి వరస దాకా వెళ్ళాలి. ఆ నిలబడటం కూడా ఆ నాటకానికి తగిన బ్లాకింగే. నీకు జబ్బులా కనపడేది ఒక పద్ధతి.

అమ్మాయి: పద్యనాటకాన్ని తక్కువ చెయ్యట్లేదండీ. ఆ పద్ధతి కన్యాశుల్కానికి నప్పదంటున్నాను. గురజాడ రాసింది వాడుక మాట. ఎదటి మనిషి ముందే పుట్టే మాట అది. ఎదటి మనిషిని వదిలేసి మైకు దగ్గరికి నడిస్తే మాట చచ్చిపోతుంది. మన ఊరి సారస్వత నికేతనం లైబ్రరీలో కూర్చుని ఈ రంగం మళ్ళీ మళ్ళీ చదివాను. ఎవరు వచ్చారో, ఎవరు ఎక్కడ దాక్కున్నారో ఆయన క్లుప్తంగా చెప్పి ఊరుకున్నాడు. మధురవాణి ఏ పక్క నిలబడాలో చెప్పలేదు. ఆ ఖాళీ నటికోసమే వదిలాడని నా నమ్మకం.

మాస్టారు: ఆడించేవాడి కోసం వదిలాడని నా నమ్మకం. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు ఆడినప్పుడు గురజాడ ఆ ఊళ్ళోనే ఉన్నాడు. నోటితో చెప్పగలిగినవాడు కాగితం మీద అన్నీ రాయనక్కర్లేదు. అయినా కదలికకి నియమం మనకి కొత్తేం కాదు. భరతుడు నాట్యశాస్త్రంలో కక్ష్యావిభాగం అని ఒక అధ్యాయమే పెట్టాడు. వేదికని భాగాలు చేసి ఇది ఇల్లు, ఇది తోట, ఇది అడవి అనుకోమన్నాడు. ముందు ప్రవేశించినవాళ్ళు లోపల ఉన్నట్టు, తరవాత వచ్చినవాళ్ళు బయటి నుంచి వచ్చినట్టు లెక్క అన్నాడు. నటుడు వేదిక మీద ఒక చుట్టు తిరిగితే ఒక చోటు నుంచి ఇంకో చోటికి వెళ్ళినట్టే. పరదాలూ సెట్లూ లేని కాలంలో జనానికి ఊరూ వాడా చూపించింది ఆ నియమమే.

అమ్మాయి: అది నా వైపు సాక్ష్యం మాస్టారూ! అక్కడ చోటుని పుట్టించింది నటుడి అడుగు. మన వీధి భాగవతుల్లో కూడా అంతే. ఇద్దరు పట్టుకున్న తెర దిగాక వేషం నడిచిన మేరా ద్వారక. మీరు చెప్పిన నియమమే మన రంగానికి పెట్టి చూడండి. ముందు నుంచీ లోపల ఉన్నది ఎవరు? మధురవాణి. అది ఆమె ఇల్లు. పంతులు, గిరీశం, పూటకూళ్లమ్మ బయటి నుంచి వచ్చినవాళ్ళే. ముగ్గురూ కంగారులో ఉన్నారు. కంగారు లేనిది ఆమెకొక్కదానికే. మంచం కింద ఎవరున్నారో తెలిసీ ఆట నడిపిస్తున్నది ఆమె. అలాంటి మనిషిని వింగు పక్కన నిలబెడితే సొంత ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినట్టుంది.

మాస్టారు: ఈ మాట బాగుంది. మరి ఎక్కడుండాలంటావు?

అమ్మాయి: మంచం మీద కూర్చోవాలి. కింద వాళ్ళిద్దరూ, పైన నేను.

మాస్టారు: కూర్చుంటే నీ చీర కుచ్చిళ్ళు కిందికి జారి గిరీశం మొహం మీద తెర కడతాయి. కాళ్ళు వేలాడేస్తే పంతులు కనపడడు. చీపురు దెబ్బ నీ మోకాలికి తగులుతుంది. చూశావా, ఆలోచన మంచిదే, కొలత లేదు. ఇంకో సంగతి అడుగుతాను. మంచం మీద కూర్చోవాలని నీకు రంగం చెప్పిందా, 1955 సినిమా చెప్పిందా?

అమ్మాయి: సావిత్రి గారు కళ్ళల్లో మెదులుతూనే ఉంటారు, కాదనను. ఆమె నవ్వు చూశాక వేరే నవ్వు రావడమే కష్టం.

మాస్టారు: అందుకే అడుగుల గురించి పట్టుబడతాను. సినిమాలో కెమెరా నడుస్తుంది. సావిత్రి గారి కనుకొసకి నవ్వు వచ్చినప్పుడు కెమెరా ఆ కనుకొస దగ్గరికి వెళుతుంది. నాటకంలో చివరి వరస మనిషికి నీ కనుకొస కనపడదు. నీ భుజం తిరగడం, రెండడుగులు వెయ్యడం, వేసి ఆగడం కనపడతాయి. వేదిక మీద దగ్గరా దూరం చూపించేది నీ నడకే. ఆమె మొహాన్ని అనుకరిస్తే ముందు వరసవాళ్ళకి కూడా నకలుగానే ఉంటుంది. వేదికకి తగిన అడుగు ఇస్తే అనుకరించడానికి సినిమాలో అలాంటిది ఉండదు, సొంతంగా చెయ్యక తప్పదు.

అమ్మాయి: ఆ అడుగు మీరిస్తే మీకు నకలునవుతాను కదా!

మాస్టారు: స్థానం నరసింహారావు గారు ఎవరికి నకలు? బాపట్లలో 1902లో పుట్టిన మనిషి. తెనాలి రామవిలాస సభలో సత్యభామ, చిత్రాంగి, మధురవాణి వేషాలు వేశాడు. ఆయన పుట్టుకతో స్త్రీ కాదు. నడక, కొంగు సర్దుకోవడం, తల తిప్పడం, నిలబడినప్పుడు బరువు ఏ కాలి మీద వెయ్యాలన్నది అన్నీ బయటి నుంచి గమనించి, సాధన చేసి తెచ్చుకున్నవే. జనం మాత్రం సత్యభామనే చూశారు. 1956లో పద్మశ్రీ వచ్చింది. బయటి నుంచి వచ్చిన అడుగు లోపలికి చేరదనడానికి వీల్లేదు.

అమ్మాయి: స్థానం వారిని ఎవరు కాదంటారండీ? కానీ గమనించింది ఆయనే, ఎంచుకున్నది ఆయనే. ఇంకొకరు సుద్దముక్కతో నేల మీద గీసిచ్చింది కాదు. నేను కోరేదీ అదే, వెతుక్కునే పని నాకు వదలమని. నేను ఆడపిల్లని కాబట్టి మధురవాణి నడక నాకు వచ్చేసిందని అనట్లేదు. ఆమె ఆనాటి విజయనగరం వేశ్య. నేను చీరాల రైలెక్కి కాలేజీకి పోయే పిల్లని. మా మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం నడవనివ్వండి.

మాస్టారు: నడవడానికి టైమేది? ఒకరికి పరీక్షలు. ఒకడు జీడిపప్పు కార్ఖానాలో పని ముగించుకుని ఎనిమిదింటికి వస్తాడు. నలుగురూ కలిసి దొరికే సాయంత్రాలే తక్కువ. రేపు గిరీశానికి జ్వరమొస్తే ఇంకొకడిని దింపాలి. అడుగులు పుస్తకంలో ఉంటే ఆ కొత్తవాడు రెండు పూటల్లో అందుకుంటాడు. మీ మనసుల్లో ఉంటే ఎక్కడ వెతుక్కోవాలి?

అమ్మాయి: పుస్తకం వద్దనలేదు. పుస్తకం ఎప్పుడు రాయాలన్నదే నా గొడవ. మాస్కోలో స్తానిస్లావ్‌స్కీ 1898లో చెహోవ్ సీగల్ నాటకానికి, నటులతో రిహార్సల్ మొదలవకముందే, ఎవరు ఎక్కడ ఆగాలో, ఎటు నడవాలో గీతలతో సహా రాసేశాడట. నాటకం గొప్పగా ఆడింది. అదే మనిషి చివరి సంవత్సరాల్లో పద్ధతి మార్చుకున్నాడు. నటుల్ని మొదటి రోజుల నుంచే లేచి నిలబడి సొంత మాటలతో, సొంత పనులతో రంగాన్ని ఆడి చూడమన్నాడు. నాకేం కావాలి, ఎదటి మనిషి దగ్గర అది ఎలా రాబట్టాలి అని వెతుక్కోమన్నాడు. మీ దారిలో గెలిచినాయనే చివరికి నా దారికి వచ్చాడు.

మాస్టారు: ఆ నటులు అప్పటికి వేదిక మీద పండినవాళ్ళూ, నటనే చదువుగా పెట్టుకున్నవాళ్ళూ. మీరు మొదటిసారి వేదిక ఎక్కుతున్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని పిల్లాడిని నీ ఇష్టమొచ్చినట్టు కదులు అంటే వాడికి స్వేచ్ఛ ఉండదు, బెదురుంటుంది. బెదిరినవాడు మైకు దగ్గరికే పరిగెడతాడు. నువ్వు జబ్బన్నావే, అది పుట్టేది అక్కడే.

అమ్మాయి: మరి మా భూమి ఆడినవాళ్ళో? ప్రజానాట్యమండలి దళాల్లో నాటకం చదువుకున్నవాళ్ళు ఎంతమంది? గరికపాటి రాజారావు గారు వృత్తికి డాక్టరు. 1947లో ఆ నాటకం మొదలయ్యాక ఎన్నో దళాలు ఊరూరా ఆడాయి, మద్రాసు ప్రభుత్వం నిషేధించే దాకా వచ్చింది. ఊరికో వేదిక. ఒకచోట బండ్లు కలిపి కట్టింది, ఇంకోచోట ఉత్త నేల. సుద్దగీతలు పట్టుకుని వెళితే ఏ ఊళ్ళో ఆడగలరు? వాళ్ళని నడిపింది ఎవరి మీద కోపం, ఎవరి మీద జాలి అన్న తెలివిడి. చోటు మారినా ఆ తెలివిడి ఉంటే అడుగు దానంతటదే సర్దుకుంటుంది.

మాస్టారు: సర్దుకోవడానికి ముందు ఒక అడుగు ఉండాలి కదా. పరిషత్తులకి తిరిగినవాణ్ణి, నాకు తెలుసు. ముప్పై అడుగుల వేదిక అనుకుని వెళితే ఇరవై అడుగులే ఉంటుంది. ముందు ఆడిన జట్టు సామాను తియ్యగానే మనం సెట్ వేసుకోవాలి, వేదికని పరీక్షించుకునే తీరికే దొరకదు. అప్పుడు మూడడుగులు రెండు చేసుకోండ్రా అంటే చాలు. అసలు లెక్కే లేకపోతే నలుగురూ ఒకరి మీద ఒకరు పడతారు. సురభి వాళ్ళ మాయాబజార్ చూశావా? తీగల మీద మనుషులు గాల్లో తేలతారు, మంటలు లేస్తాయి. అక్కడ నిలబడాల్సిన చోటు తప్పితే ఒళ్ళు కాలుతుంది. అడుగు ఖాయం చెయ్యడం అధికారం చూపించడానికి కాదు. పక్కనున్న నటుడికి ఇచ్చే మాట అది. నేను ఈ క్షణంలో ఇక్కడుంటాను, నువ్వు ధైర్యంగా చీపురు తిప్పు అని.

అమ్మాయి: ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. నిన్న మీరు లేనప్పుడు మాలో మేం గీతలు తుడిచేసి ఆడి చూశాం. పూటకూళ్లమ్మ చీపురెత్తేసరికి నేను ఆమె చేతికిందే ఉన్నాను. ఆ పిల్ల భయపడి చెయ్యి ఆపేసింది, రంగం ఆగిపోయింది. కానీ అంతకు ముందు ఒకటి జరిగింది. పంతులు దూరాక నేను మంచం మీద కూర్చున్నాను, ఎవరూ చెప్పలేదు. గిరీశం కూడా దూరాక కదలబుద్ధి కాలేదు. ఇద్దరు మొగాళ్ళ పరువు నా కింద ఉంది. ఆ ఊహ రాగానే నవ్వు వచ్చింది. అది సావిత్రి గారి నవ్వు కాదు. అరవై రిహార్సళ్ళు చేసినా కుడి వింగు పక్కన ఆ నవ్వు రాదు.

మాస్టారు: ఏదీ, చేసి చూపించు. మంచం నాలుగడుగుల్లోనే ఉంటుంది, అది మారదు. పంతులూ, గిరీశం, దూరండి. అమ్మా, నువ్వు కూర్చో. ఊఁ... మధ్యలో కాదు, తలవైపు చివరికి జరుగు. కాళ్ళు వేలాడెయ్యకు, పైకి మడిచి పెట్టుకో. కుచ్చిళ్ళు ఒళ్ళోకి తీసుకో. నేను టార్పాలిన్ దగ్గర కూర్చుని చూస్తాను... ఇద్దరి మొహాలూ కనపడుతున్నాయి. పూటకూళ్లమ్మా, కాళ్ళవైపు నుంచి రా. చీపురు ఎడమ నుంచి తిప్పు. తగలట్లేదు కదా? మళ్ళీ.

అమ్మాయి: మైకు?

మాస్టారు: మైకుని మనం జరుపుకుందాం. కుర్రాళ్ళతో చెప్పి రెండడుగులు ఇటు కట్టిద్దాం. నువ్వు అన్నది నిజమే. ఆమె పైన కూర్చుంటే ఇల్లు ఆమెదని జనానికి మాట లేకుండా అందుతుంది. నా గీత కన్నా ఇది మేలు. ఇప్పుడు నా షరతు విను. ఇది ఇవాళ దొరికింది కాబట్టి పుస్తకంలో ఎక్కుతుంది. రేపు ఊహ రాకపోయినా, నవ్వు రాకపోయినా, నువ్వు ఇక్కడే, ఈ మాట దగ్గరే, ఇలాగే కూర్చుంటావు.

అమ్మాయి: కూర్చుంటాను. నాదీ ఒక షరతు ఉంది. బాణం పక్కన కారణం కూడా రాయాలి. ఎక్కడికి అన్నది ఒక వరస, ఎందుకు అన్నది ఇంకో వరస. రేపు కొత్త గిరీశం వస్తే అడుగు ఒక్కటే నేర్పి వేదిక ఎక్కించకూడదు. మంచం కింద దూరుతున్నది పూటకూళ్లమ్మకి భయపడా, మధురవాణి ముందు పరువు పోతుందనా? ఈ ప్రశ్నకి వాడు తన జవాబు వెతుక్కోవాలి. రెండు జవాబులకీ దూరే తీరు వేరు.

మాస్టారు: రాద్దాం. అయినా ఒక దగ్గర నీకూ నాకూ కుదరదు. కారణం మనసులో నిలవని రాత్రి కూడా అడుగు నిన్ను గట్టెక్కిస్తుందని నేనంటాను. నలభై ఏళ్ళలో అలాంటి రాత్రులు చాలా చూశాను. జ్వరంతో, ఇంట్లో చావుతో, అన్నం తినకుండా వేదిక ఎక్కినవాళ్ళున్నారు. వాళ్ళని నిలబెట్టింది అడుగే.

అమ్మాయి: కారణం లేని అడుగు చివరి వరసవాళ్ళకి కూడా తెలిసిపోతుందని నేనంటాను. గట్టెక్కడం వేరు, ఆడటం వేరు. పాత్రని తెలుసుకునే కొద్దీ నా కారణం మారుతుంది. మారినప్పుడు ఇదే చోటు సరిపోకపోవచ్చు.

మాస్టారు: మారనీ. కారణం రోజూ మార్చుకో, నిన్ను ఆపను. చోటు మారాలనిపిస్తే మాత్రం జనం ముందు మార్చకు. చీపురు పట్టుకున్న పిల్లకి ముందు చెప్పు.

అమ్మాయి: ఆ పిల్లకీ చెబుతాను, మీకూ చెబుతాను. మీరు వద్దంటే ఎందుకు వద్దో అడుగుతాను.

మాస్టారు: అడుగు. రిహార్సల్ పెట్టుకునేది అందుకే. రేపు ఆరింటికి ఇక్కడి నుంచే మొదలుపెడదాం.